కత్తి పిడి చెక్కలు: అరాల్డైట్ పెట్టేముందు తాత్కాలికంగా బిగించి చూసుకోండి

దశపర్ణి కషాయానికి ఆకులు తరిగే కత్తిని ఇంట్లోనే ఎలా చేసుకోవాలో పై వీడియోలో చూపించాను. వీడియోలో అన్నీ చెప్పడం కుదరలేదు. ముఖ్యంగా పిడి చెక్కల్ని ముందు తాత్కాలికంగా అతికించి, తర్వాత ఊడదీసే భాగం రెండు నిమిషాల్లో అయిపోయింది. అసలు పని అక్కడే ఉంది కాబట్టి దాన్ని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

నేను ఇది నేర్చుకున్నది ఒక తప్పు చేశాక. పోయినేడు మొదటి కత్తి చేశాను. చెక్కలు కోసి, అరాల్డైట్ పూసి, రివిట్లు కొట్టి, ఒక్క రోజులో ముగించాను. పిడి నా చేతికి బ్రహ్మాండంగా కుదిరింది. మా ఆవిడ చేతిలో పెడితే, "లావుగా ఉందయ్యా, వేళ్ళు చుట్టూ తిరగట్లేదు" అంది. "అలవాటవుతుందిలే" అన్నాను. అప్పటికే జిగురు గట్టిపడిపోయింది, ఇక ఊడదియ్యాలంటే చెక్క పగలాల్సిందే.

నాలుగో రోజు ఉదయం వేపాకు, కానుగాకు తరుగుతున్నాం. చేతులకి గోమూత్రం తడి. పిడి గుండ్రంగా, లావుగా ఉండటంతో ఆమె చేతిలో తిరిగింది. కత్తి పక్కకి వాలి ఎడమ చేతి చూపుడు వేలు తెగింది. మూడు కుట్లు పడ్డాయి. సరిగ్గా నాట్ల టైమ్ అది. దాదాపు మూడు వారాలు ఆమె బురదలో చెయ్యి పెట్టలేకపోయింది. ఆ తప్పు కత్తిది కాదు, నాదే. ఆమె చెప్పినప్పుడు మార్చడానికి వీలుండేలా నేను ఆ పిడిని చెయ్యలేదు.

మామూలు పిడికీ, చెక్కల పిడికీ తేడా

మన కొడవళ్ళకి, దోకుడుపారలకి కమ్మరి వేసే పిడి వేరు. ఇనుము వెనక భాగాన్ని సన్నగా మొనదేల్చి, ఎర్రగా కాల్చి గుండ్రటి కర్రలోకి దిగ్గొడతారు. కర్ర లోపల కాలి ఆ మొన బిగుసుకుంటుంది. పైన పగలకుండా పొన్ను వేస్తారు. చవక, తొందరగా అయిపోతుంది. కానీ ఎండాకాలంలో కర్ర ఎండి వదులవుతుంది, తడిలో పని చేస్తే లోపల మొన తుప్పు పడుతుంది. కొడవలి ఊడి చేతికొచ్చిన అనుభవం మీలో చాలామందికి ఉండే ఉంటుంది.

రెండో రకంలో కత్తి ఇనుమే పిడి చివరిదాకా పూర్తి వెడల్పుతో వస్తుంది. దాన్ని ఇక్కడ తోక అంటాను. ఆ తోకకి అటొక చెక్క, ఇటొక చెక్క పెట్టి, మధ్యలో రివిట్లు వేస్తారు. కత్తులు చేసేవాళ్ళు ఈ పద్ధతిని ఫుల్ టాంగ్ అంటారు, ఆ చెక్కల్ని స్కేల్స్ అంటారు. మాంసం కొట్టు కత్తుల్లో, పాత వంటింటి కత్తుల్లో మీరు చూసే ఉంటారు. ఇది ఊడదు, బలంగా ఉంటుంది. కాకపోతే ఒకసారి జిగురు పెట్టాక మార్పు చెయ్యడం చాలా కష్టం. అందుకే ముందు తాత్కాలికంగా బిగించుకుని చూడాలి.

మా ఊరూ, కత్తీ

ఒక మాట చెప్పుకోవాలి. ఇనుము కోసం టౌనుకి వెళ్ళి "కత్తి చేసుకోవడానికి పాత కమాన్ పట్టీ కావాలి" అన్నాను. ఏ ఊరని అడిగారు. స్టూవర్టుపురం అన్నాను. అంతే, ఆయన మొహం మారిపోయింది. బేరం ఆడకుండానే "లేవు" అన్నాడు. కుప్ప నా కళ్ళ ముందే ఉంది.

మా ఊరు బాపట్లకీ చీరాలకీ మధ్య రైల్వే లైను మీద ఉంటుంది. 1911 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కాలంలో, 1913 ప్రాంతంలో ఎరుకల కుటుంబాల్ని ఒకచోట ఉంచడానికి రక్షణ సైన్యం వాళ్ళ నిర్వహణలో పెట్టిన సెటిల్‌మెంట్ ఇది. అప్పటి మద్రాసు ప్రభుత్వంలో ఉన్న హెరాల్డ్ స్టూవర్ట్ పేరు పెట్టారు. ఆ చట్టం దేశమంతా 1952లో రద్దయింది. చట్టం పోయింది గానీ, ఊరి పేరు వినగానే కొందరి చూపు మాత్రం ఇంకా పోలేదు.

ఎరుకల వాళ్ళలో దబ్బ ఎరుకల అని ఒక శాఖ ఉంది. దబ్బలంటే చీల్చిన వెదురు బద్దలు. బుట్టలు, చాటలు, గంపలు అల్లడం వాళ్ళ పని. మా నాయనమ్మ ఇంట్లో కత్తి అంటే వెదురు చీల్చే కత్తే. ఆమె దాని పిడికి పాత చీర పేలిక చుట్టుకునేది. కొన్నాళ్ళు వాడి, ఎక్కడ నొప్పి పెడుతుందో అక్కడ ఇంకో చుట్టు వేసేది, లేకపోతే ఒక చుట్టు తీసేసేది. తాత్కాలికంగా బిగించి చూసుకోవడం అంటే నాకిప్పుడు అదే గుర్తొస్తుంది. నేను బోల్టులతో చేసేది ఆమె పేలికతో చేసిందే.

ఇనుము చివరికి మా కమ్మరి బాబాయ్ దగ్గరే దొరికింది. లారీ కమాన్ పట్టీని కాల్చి, సమ్మెటతో సాగదీసి 4 మిల్లీమీటర్ల మందానికి తెచ్చాడు.

కావలసినవి

- పదును పట్టిన కత్తి. నాది 18 సెంటీమీటర్ల అలుగు, 12 సెంటీమీటర్ల తోక
- తుమ్మ చెక్కలు రెండు, ఒక్కోటి 12 మిల్లీమీటర్ల మందం
- డ్రిల్లింగ్ మిషన్, 4 మిల్లీమీటర్ల బిట్టు
- 4 మిల్లీమీటర్ల బోల్టులు రెండు, నట్లు, వాషర్లు
- మాస్కింగ్ టేపు (పెయింటర్లు వాడే కాగితం టేపు), ఫెవిక్విక్
- ఆకురాయి, చెక్క ఆకురాయి, ఉప్పుకాగితం
- సి-క్లాంపులు రెండు. లేకపోతే పాత సైకిల్ ట్యూబు పొడుగ్గా కోసిన పట్టీ
- చివర్లో అరాల్డైట్, 4 మిల్లీమీటర్ల ఇత్తడి కడ్డీ

చెక్క మాత్రం బాగా ఎండిందే తీసుకోండి. నీడలో ఏడాది పైన ఎండిన తుమ్మ గానీ చింత గానీ మంచిది. పచ్చి చెక్క పెడితే ఆరునెలల్లో ముడుచుకుని ఇనుముకీ చెక్కకీ మధ్య సందు వస్తుంది. మనది సముద్రపు గాలి, పైగా గోమూత్రం, కషాయం. ఆ సందులోకి తడి వెళ్ళిందంటే లోపల తుప్పు మొదలవుతుంది, పైకి కనపడదు.

1. రంధ్రాలు

తోకకి రంధ్రాలు కత్తికి పదును పట్టక ముందే వెయ్యాలి. ఎర్రగా కాల్చి నూనెలో ముంచాక ఇనుము గట్టిపడుతుంది, మామూలు బిట్టు దిగదు. నేను రెండు రంధ్రాలు వేశాను. ఒకటి ముందువైపు, ఒకటి చివర.

చెక్కలకి రంధ్రాలు విడిగా కొలిచి వెయ్యొద్దు, ఎంత జాగ్రత్తగా కొలిచినా అర మిల్లీమీటరు తేడా వస్తుంది. ఒక చెక్కని తోకకి క్లాంపుతో బిగించి, తోక రంధ్రంలోంచే బిట్టు దించండి. మొదటి రంధ్రం అవగానే అందులో ఒక మేకు దూర్చి రెండోది వెయ్యండి. మేకు లేకపోతే చెక్క జరుగుతుంది. తర్వాత ఆ చెక్క తీసి, రెండో చెక్కకి ఇలాగే.

చెక్కల లోపలి వైపు పెన్సిల్‌తో కుడి, ఎడమ అని రాసుకోండి. ముందువైపు బాణం గుర్తు పెట్టండి. ఇది చిన్న పనే గానీ, మర్చిపోతే తారుమారవుతాయి.

2. ముక్కు తయారు చేసుకోవడం (వీడియోలో ఇది చూడండి)

అలుగు వైపు ఉండే చెక్క కొసని ముక్కు అంటున్నాను. జిగురు పెట్టేశాక ఈ ముక్కుని ఆకురాయితో అరగదియ్యలేం, అలుగు మీద గీతలు పడతాయి. అక్కడ ఎగుడుదిగుడు మిగిలితే ఆకు పసరు చేరి నల్లగా పేరుకుంటుంది.

అందుకని కత్తి లేకుండా రెండు చెక్కల్నీ లోపలి వైపులు కలిపి, అవే బోల్టులతో బిగించండి. ఇప్పుడు రెండు ముక్కుల్నీ కలిపి ఒకేసారి అరగదియ్యండి. రెండూ ఒక్కలాగే వస్తాయి. ముక్కుని కొంచెం ఏటవాలుగా చెయ్యండి. 400 నంబరు ఉప్పుకాగితం దాకా నున్నగా చేసి వదిలెయ్యండి. ముక్కు మీద ఇక పని ఉండదు.

3. టేపుతో అతికించి ఆకారం తీయడం

ఇప్పుడు చెక్కల్ని కత్తికి తాత్కాలికంగా అతికించాలి. పద్ధతి ఇది. తోకకి రెండు వైపులా మాస్కింగ్ టేపు గాలి బుడగలు లేకుండా అతికించండి. చెక్కల లోపలి వైపు కూడా టేపు వెయ్యండి. టేపు మీద నాలుగైదు చుక్కలు ఫెవిక్విక్ వేసి, రంధ్రాల్లో మేకులు పెట్టి సరిచూసుకుని, చెక్కని తోక మీద నొక్కండి. ఫెవిక్విక్ టేపుకీ టేపుకీ పట్టుకుంటుంది గానీ ఇనుముకీ చెక్కకీ అంటదు. అది గట్టిపడ్డాక ఆకురాయి పట్టినా కదలదు. కావలసినప్పుడు పలచటి పుట్టీ రేకు చివరి వైపు నుంచి దూర్చి, మెల్లగా లేపితే ఊడుతుంది. టేపు లాగేస్తే శుభ్రం.

డబుల్ సైడ్ టేపు కూడా పనికొస్తుంది. స్పాంజి లాంటి మందపుది వద్దు, అది ఊగుతుంది. పలచటిది తీసుకోండి.

ముక్కు వైపు నుంచి మాత్రం లేపొద్దు. ఆ కొస పలచన, విరుగుతుంది. నాకొకటి విరిగింది.

అతికించాక అలుగుకి మందపాటి గుడ్డ చుట్టి టేపు వెయ్యండి. అప్పుడే చేతిలోకి తీసుకోండి. ముందు తోక అంచుల దాకా చెక్కని అరగదీసి, తర్వాత మూలలు కొట్టండి. గుండ్రంగా చెయ్యొద్దు, కోడిగుడ్డు ఆకారంలో ఉండాలి. గుండ్రటి పిడి తడి చేతిలో తిరుగుతుంది, కోలగా ఉన్నది తిరగదు. అలుగు ఎటుందో చూడకుండానే చేతికి తెలుస్తుంది కూడా.

మందం ఎంత ఉండాలి? కత్తి వాడే మనిషిని పిలవండి. ఆ అరచేతికి కొంచెం పసుపు నీళ్ళతో కలిపి రాయండి. పిడిని గట్టిగా పట్టుకుని, ఆకు తరిగినట్టు నాలుగుసార్లు ఆడించమనండి. చెక్క మీద ఎక్కడ పసుపు దట్టంగా అంటిందో అక్కడ ఒత్తిడి ఎక్కువ. ఒకేచోట ముద్దలా అంటితే అక్కడ బొబ్బ వస్తుంది. అక్కడ కొంచెం తీసి మళ్ళీ చూడండి. వేళ్ళ కొసలు బొటనవేలి మొదట్లో ఉన్న కండని తాకీ తాకనట్టు ఉంటే మందం సరిపోయినట్టు.

మా ఆవిడ పట్టుకుని, "ఇంకా తియ్యి" అంది. తీశాను. మళ్ళీ "ఇంకా" అంది. ఈసారి వాదించలేదు.

4. బోల్టులతో పొలంలో అరపూట

ఇంట్లో పట్టుకుంటే ఒకటి, రెండు గంటలు పని చేస్తే ఇంకొకటి. కాబట్టి అరపూట నిజంగా వాడాలి. టేపు దీనికి పనికిరాదు. తడి తగిలితే కాగితం టేపు వదులవుతుంది, మధ్యలో ఊడితే ప్రమాదం. టేపు తీసేసి, ఆ రంధ్రాల్లోనే 4 మిల్లీమీటర్ల బోల్టులు వేసి బిగించండి.

ఇక్కడొక కిటుకుంది. బోల్టుని తిప్పుతూ దించొద్దు, దాని మరలు చెక్క రంధ్రాన్ని కొరికి వెడల్పు చేస్తాయి. తిన్నగా నెట్టండి. బిగించేటప్పుడు తలని కదలకుండా పట్టుకుని నట్టుని మాత్రమే తిప్పండి. వాషర్ వేస్తే చెక్క నొక్కుకుపోదు. నట్టు అరచేతికి గుచ్చుకోకుండా వేళ్ళ వైపు ఉంచి, పైన నూలుగుడ్డ పేలిక ఒక్క వరస చుట్టి కట్టండి. ఆ గుడ్డ మందం తర్వాత ఉండదని గుర్తుంచుకోండి.

మేం నీమాస్త్రానికి ఆకు కొట్టే రోజు చూసుకుని దీన్ని పరీక్షించాం. 100 లీటర్లకి 5 కిలోల వేపాకు కాబట్టి, రెండు డ్రమ్ములంటే చెయ్యికి బాగానే పని. అరగంటకోసారి నట్లు చూసుకున్నాం. గంట అయ్యాక ఆమె రెండు విషయాలు చెప్పింది. చిటికెన వేలు పిడి చివర జారిపోతోంది. చూపుడు వేలి కింద అంచు కోసుకుంటోంది. ఈ రెండూ ఇంట్లో పసుపు పరీక్షలో తెలియలేదు. తడి చేతితో, అలసిన చేతితో పట్టుకుంటేనే తెలిశాయి.

ఇంటికొచ్చి చివరి భాగం అలాగే ఉంచి, దాని ముందు కొంచెం లోపలికి తీశాను. దాంతో చిటికెన వేలికి ఆపు దొరికింది. చూపుడు వేలి దగ్గర అంచు గుండ్రం చేశాను. మొదట 12 మిల్లీమీటర్లున్న చెక్కలు ఒక్కోటి 9కి వచ్చాయి. తోకతో కలిపి మొత్తం 22. నా చేతికైతే 28 బాగుండేది. అంటే ఆరు మిల్లీమీటర్ల తేడా. పోయినేడు ఆ వేలు తెగడానికి కారణం ఆ ఆరు మిల్లీమీటర్లే అనుకుంటాను.

మర్నాడు ఇంకో పూట వాడింది. ఏమీ అనలేదు. అడిగితే, "బాగానే ఉందిగా, ఇక అంటించెయ్" అంది.

5. శాశ్వతంగా అతికించడం

ఇది వీడియోలో వివరంగానే ఉంది, క్లుప్తంగా చెబుతాను.

- బోల్టులు తీసి, చెక్కల్ని రెండు మూడు రోజులు నీడలో ఆరనివ్వండి. పొలంలో తడిసి ఉంటాయి.
- తోకని, చెక్కల లోపలి వైపుని ముతక ఉప్పుకాగితంతో గీతలు పడేలా రుద్దండి. థిన్నర్‌తో జిడ్డు, టేపు జిగురు తుడవండి. నున్నటి ఇనుముకి అరాల్డైట్ సరిగ్గా పట్టదు.
- అరాల్డైట్ రెండు ట్యూబుల నుంచీ సమానంగా తీసుకుని, రంగు ఒకటయ్యేదాకా కలపండి. రెండు వైపులా పూయండి, రంధ్రాల్లో కూడా.
- ఇత్తడి కడ్డీ ముక్కలు దూర్చి క్లాంపు వెయ్యండి. మరీ బిగిస్తే జిగురంతా బయటికొచ్చేస్తుంది. క్లాంపు లేకపోతే సైకిల్ ట్యూబు పట్టీ లాగి చుట్టండి, బాగా పనిచేస్తుంది.
- ముక్కు దగ్గర బయటికొచ్చిన జిగురుని అప్పుడే థిన్నర్ గుడ్డతో తుడిచెయ్యండి. గట్టిపడితే పోదు.
- 24 గంటలు ముట్టుకోవద్దు.
- తర్వాత కడ్డీ కొసల్ని చిన్న సుత్తితో మెల్లగా కొట్టి రివిట్ చెయ్యండి. తుమ్మ గట్టిదే గానీ, బలంగా కొడితే పగులుతుంది.

చివరగా అవిసె నూనె మూడు పూతలు. వేపనూనె, కొబ్బరినూనె ఆరవు, జిడ్డుగానే ఉంటాయి, పిడి జారుతుంది. అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ముద్దగా పడెయ్యొద్దు, వాటంతటవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. విప్పి ఆరేసి, ఆ తర్వాత పారెయ్యండి.

రెండు జాగ్రత్తలు

పిడిని గ్రైండరుకి పట్టేవాళ్ళు అలుగు వేడెక్కకుండా చూసుకోండి. చేత్తో ముట్టుకోలేనంత వేడైతే ఆపి నీళ్ళల్లో ముంచండి. ఇనుము రంగు మారిందంటే పదును దిగిపోయినట్టే.

ఇంకోటి. కషాయాలకి ఉమ్మెత్త, జిల్లేడు, ఆముదం ఆకులు కూడా కొడతాం. ఉమ్మెత్త విషం. ఈ కత్తిని వంటింట్లోకి తీసుకెళ్ళొద్దు. మేం గుర్తుగా పిడి చివర ఎర్ర పెయింట్ చుక్క పెట్టాం.

పాత కత్తి పిడిని పగలగొట్టేశాను. అలుగు అలాగే ఉంది. ఈసారి దానికి చెక్కలు నా చేతికి కాకుండా, మా పొలానికి కూలికొచ్చే అక్కయ్య చేతికి సరిపోయేలా బోల్టులతో బిగించి ఉంచాను. ఆమె ఒక వారం వాడి చెప్పాక అరాల్డైట్ పెడతాను. ఆ వీడియో వచ్చే నెలలో పెడతాను. మీరు చేసే ముందు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఆ కత్తి ఎవరి చేతిలో ఉంటుందో వాళ్ళని ముందే కూర్చోబెట్టుకుని మొదలుపెట్టండి.

ఉంటానండి.